చెట్టు చూసే మనిషి

ఏప్రిల్ 28, 2024, ఆదివారం. గుడియాత్తం

ఎదుటి వరసలోని పెద్ద వేపను నిన్న మోడు చేయించారు. టిఫిన్ల వేళకు మొదలుపెట్టి భోజనాల వేళకు ముగించారు. ఆకున్న రెమ్మ ఒక్కటీ మిగల్లేదు. కట్టె ట్రాక్టరెక్కి పోయింది. ఇంటావిడ సంతోషంగానే ఉంది. మిద్దె మీద ఇక ఆకు రాలదు, పైగా వచ్చినవాళ్ళు కూలి అడగలేదు, కట్టె తీసుకుని సరిపెట్టుకున్నారు.

నాకు బాధంతా ఆ బేరం దగ్గరే. కట్టే కూలి అయినప్పుడు చెట్టెక్కినవాడి కన్ను దేని మీద ఉంటుంది? ఎండిపోయిన సన్నరెమ్మలకు, పురుగు పట్టిన పుల్లలకు ఎవరూ డబ్బివ్వరు. చేవదేరిన లావుకొమ్మకే ధర. ఇటుక బట్టీకి, హోటలు పొయ్యికి కట్టె ఎప్పుడూ కావాలి. అందుకే తీయాల్సిన కొమ్మ చెట్టు మీదే ఉండిపోతుంది, ఉంచాల్సింది బండెక్కుతుంది. ఎక్కినవాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. బేరం మనం కుదుర్చుకున్నదే.

వచ్చే శనివారం అగ్నినక్షత్రం. మే 28 దాకా కత్తిరి ఎండలు. ఇన్నేళ్ళూ తన ఆకునీడలోనే బతికిన బెరడు ఇప్పుడు నేరుగా ఎండకు మాడి పగుళ్ళిస్తుంది. ఆ పగుళ్ళే బూజుకు దారి. వంట చేసే ఆకులన్నీ ఒక్కపూటలో పోయాయి గనక, చెట్టు లోపల దాచుకున్న తిండిని ఖర్చుపెట్టి బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలను లేపుకుంటుంది. జూన్ కల్లా మొండెం చుట్టూ గుబురుగా చిగుళ్ళు. ఎంత బాగా తిప్పుకుందో చూడండి అంటారు అందరూ. అది ఆకలితో వేసిన చిగురు. మామూలు కొమ్మ మాను లోపలిదాకా పొరలు పొరలుగా పెనవేసుకుని ఉంటుంది. ఈ చిగురుకు పైపొరే ఆధారం. ఏళ్ళు గడిచి లావెక్కాక, గాలివానకు మొదలంటా చీలి ఇళ్ళ మీద పడేవి ఇవే. ప్రమాదమని చెట్టు తల తీయిస్తే, అసలు ప్రమాదం ఆ రోజునుంచే మొదలవుతుంది.

మే 14, మంగళవారం

తమిళుల వైకాశి నెల ఒకటో తేదీ. గంగమ్మ శిరస్సు పండగ. గోపాలపురం దారిలో, కౌండిన్య ఏటి ఒడ్డున ఇసుక వేస్తే రాలని జనం. చిత్తూరు, పలమనేరు నుంచి వచ్చిన మన చుట్టాలు ఎక్కడ చూసినా కనబడ్డారు. వీధివీధినా టెంకాయలు, గుమ్మంగుమ్మానా వేపాకు.

పండక్కి నాలుగు రెమ్మలివ్వడం వేపకు కష్టమేమీ కాదు. ఎలా తీస్తామన్నదే సంగతి. పిల్లలు వస్తే కత్తెర చేతికిచ్చాను, లాగొద్దని మరీ మరీ చెప్పాను. లాగి విరిచిన కొమ్మ పోతూ పోతూ మూరెడు బెరడు ఒలుచుకుపోతుంది. ఆ మచ్చ పూడడానికి ఏళ్ళు పడుతుంది. కత్తెరతో తీసిన రెమ్మ జాడ కొన్నాళ్ళకు వెతికినా దొరకదు.

మే 26, ఆదివారం. వేలూరు

సత్తువాచారిలో అక్క వాళ్ళింట్లో ఉన్నాను. ముంగిట మామిడి ఆకుల అంచులు మాడుతున్నాయి, కొనల్లో రెమ్మలు ఎండుతున్నాయి. అక్క పురుగనుకుని మందుసీసా తెప్పించి పెట్టింది. మూత తీయనివ్వలేదు నేను. నిరుడు ముంగిలంతా సిమెంటు బిళ్ళలు పరిచారు, మాను మొదలుకు ఆనించి మరీ. పురుగు ఆకుల్లో ఎంత వెతికినా లేదు. చెట్టు ఊపిరాడక ఎండుతోంది.

"మాను ఎంత ఎత్తో వేరు అంత లోతు కదమ్మా, కిందనుంచి తాగుతుందిలే," అన్నాడు బావ. చాలామంది నమ్మకం ఇదే. నీళ్ళు, గాలి, సత్తువ తీసుకునే సన్నవేళ్ళలో చాలా భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అడ్డంగా కొమ్మల నీడను దాటి పోతాయి. వేరుకూ ప్రాణవాయువు కావాలి. సిమెంటు పరిస్తే వాన లోపలికి దిగదు, గాలి ఆడదు, కత్తిరిలో ఆ బిళ్ళలు పెనంలా కాలి కింద మట్టిని కూడా ఉడికిస్తాయి.

2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల కేసులో, మాను చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయమని ఆజ్ఞ ఇచ్చిన సంగతి చెప్పాను. కోర్టు మాట వినగానే బావ మెత్తబడ్డాడు. కారు నిలిపే వైపు వదిలేసి, మిగతా మూడు వైపులా బిళ్ళలు లేపించేందుకు ఒప్పుకున్నాడు. నా లెక్కన మీటరు కూడా చాలదు, కొమ్మల అంచుదాకా ఎంత వదిలితే అంత మంచిది. ఇప్పటికి ఇది చాలు.

నీళ్ళు మాను మొదట్లో పోయొద్దని అక్కకు చూపించాను. కొమ్మల అంచు నీడ ఎక్కడ పడుతుందో అక్కడ, సాయంత్రం పూట, నెమ్మదిగా, లోపలికి దిగేదాకా. రోజూ చెంబెడు చల్లడం కన్నా వారానికోసారి బాగా తడపడం మేలు. పైన ఎండుటాకు పరిచి, మానుకు మాత్రం జానెడు దూరం వదలాలి. మానుకు ఆనుకుని తేమ నిలిస్తే బెరడు కుళ్ళుతుంది.

దీపావళి లైట్ల కోసం చుట్టిన తీగ ఒకటి కొమ్మలోకి దిగి ఉంది. కోసి తీశాను. ఆకులో వండిన తిండి వేరుకు పోయే దారి బెరడు కిందే ఉంది. తీగ బిగిస్తే ఆ దారి మూసుకుంటుంది.

జూలై 21, ఆదివారం. గుడియాత్తం

మా ఇంటి మామిడికాయ దిగింది. మామిడికి కొమ్మలు తీయడానికి ఇదే అదను. ఆలస్యమైతే కొత్త రెమ్మ పూతకాలానికి ముదరదు. మా వేపలో కూడా మిద్దె మీదికి వాలిన ఎండుకొమ్మ ఒకటి తీయించాలి. మనిషి కోసం వెతుకుతున్నాను.

ఒకాయన చెట్టు చూడకుండా ఫోనులోనే రేటు చెప్పాడు. ఇంకొకాయన మిషన్ రంపంతో వచ్చి గేటు దగ్గరే నిలబడి, గాలికాలం వస్తోంది, సగానికి సగం దింపేద్దాం, కట్టె మేం తీసుకుపోతాం అన్నాడు. ఇద్దరినీ పంపేశాను. మూడో మనిషి పలమనేరు వైపునుంచి వచ్చాడు. రాష్ట్రం సరిహద్దుకు ఇటూ అటూ పనిచేస్తాడు, మన తెలుగే. కత్తి సంచిలోంచి తీయకుండా చెట్టు చుట్టూ తిరిగాడు. తలెత్తి చాలాసేపు చూశాడు. మాను మీద పిడికిలితో తట్టి చప్పుడు విన్నాడు. బెరడు మీది చెదల మట్టిదారి గోటితో రాల్చి కింద గట్టిగా ఉందో లేదో చూశాడు. తర్వాత అడిగిన మాటకు నాకు సంతోషమైంది.

"టీచరమ్మా, ఈ పక్క కాలవ ఎప్పుడు తవ్వారు?"

కాలవ తవ్వినప్పుడు ఆ వైపు వేళ్ళు తెగాయి. అటువైపు కొమ్మే ఎండింది. చెట్టుకు చేసిన నష్టం మూడు నాలుగేళ్ళ తర్వాత పైన కనబడుతుందని అతనికి తెలుసు. నేను క్లాసులో పాఠంగా చెప్పిందాన్ని అతను చెట్లెక్కి నేర్చుకున్నాడు.

"ఏం తీయాలో నువ్వే చెప్పు నాయనా," అన్నాను.

"ఆ ఎండుకొమ్మ, దాని కింద ఒరుసుకుంటున్న రెండు. మిగతాది ముట్టుకునే పని లేదమ్మా."

చెట్టు మనిషిని కుదుర్చుకునేటప్పుడు నేను వినాలనుకునే మాట ఇదే. తీయనక్కర్లేనిది ఏదో చెప్పగలవాడికే చెట్టు అప్పగించాలి. అయినా అక్కడితో ఆగలేదు. రెండేళ్ళ కిందట చేసిన పని ఒకటి చూపించమన్నాను. కొత్తగా కోసిన చోట ఎవరి పనైనా శుభ్రంగానే ఉంటుంది, మంచిచెడ్డలు రెండేళ్ళకు తేలతాయి. కాట్పాడి గాంధీనగర్‌లో తాను పనిచేసిన కానుగను చూపించాడు. కోసిన చోట చుట్టూ కొత్త బెరడు గుండ్రని కడియంలా లోపలికి అల్లుకొస్తోంది. కోత సరైన చోట పడిందనడానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. కూలి రోజు లెక్కన మాట్లాడుకున్నాం. కట్టె అతనికి చెందదు, మాకే. అతని రేటు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ. ఇస్తాను.

అమెరికాలో చెట్ల వైద్యులకు 1924 నుంచీ ఒక సంఘం ఉంది. పరీక్ష రాయించి యోగ్యతాపత్రం ఇస్తారు. మన దగ్గర అలాంటి పత్రమున్నవాళ్ళు చాలా తక్కువ. 2019 మేలో చెన్నైలో వెంకయ్యనాయుడుగారు చెట్ల అంబులెన్సు ఒకదాన్ని ప్రారంభించారు. అలాంటి బండి మన తాలూకాలకు వచ్చేదాకా ఆగలేం. రోగమేదో అంతుబట్టకపోతే ఎండిన రెమ్మ, పచ్చి రెమ్మ రెండూ సంచిలో వేసుకుని విరింజిపురం కృషి విజ్ఞాన కేంద్రానికి పోవడం ఉత్తమం. కోసే పనికి మాత్రం ఇలాంటి మనిషినే వెతుక్కోవాలి.

వెళ్ళబోతూ వెనక కంచెలోని తాడి సంగతి అడిగాడు. అది పడకూడదు, పడగొట్టకూడదు. 2021 నుంచి తమిళనాడులో తాటిచెట్టు కొట్టాలంటే కలెక్టరు అనుమతి కావాలి. దానికదే మొలిచిన చందనం కూడా మన పెరట్లోదే కదా అని చేయి వేయడానికి లేదు. ఆంధ్రా వైపు 2002 నాటి వాల్టా చట్టం ఉంది. అక్కడ నరకాలన్నా ముందు అడగాల్సిందే. ఇవన్నీ అతనికి నాకన్నా బాగా తెలుసు.

ఆగస్టు 4, ఆదివారం

పొడి పొద్దు చూసుకుని వచ్చాడు, కింద తాడు పట్టడానికి ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకుని. హెల్మెట్టు, నడుముకు బెల్టు, మోకు రెండు. ఒకటి మార్చుకునేటప్పుడు రెండోది కట్టే ఉంటుంది. చెట్టు మీద ఒక్క క్షణం కూడా కట్టు లేకుండా లేడు. వేప పక్కనే కరెంటు తీగ పోతుంది గనక, ఆఫీసులో ముందే రాసిచ్చి లైను ఆపించాను. ఆపినట్టు కబురొచ్చేదాకా అతను కాలు పైన పెట్టలేదు.

కోత ఎలా కోశాడో వివరంగా రాసుకుంటున్నాను. లావుకొమ్మను ఒకే కోతతో పైనుంచి కోస్తే, సగం తెగేసరికి బరువుకు విరిగి, మాను మీది బెరడును పేడులా చీల్చుకుంటూ పడుతుంది. అందుకే మూడు కోతలు. మానుకు మూరెడు దూరంలో కిందినుంచి ఒక గాటు. దానికి నాలుగంగుళాలు అవతల పైనుంచి రెండో కోత, అక్కడ కొమ్మ తెగి తాడు మీద మెల్లగా దిగింది. ఇక మిగిలింది పొట్టి మొండి. మూడో కోత దాని కోసం. అసలు విద్య ఇక్కడుంది. కొమ్మ మానులో కలిసే చోట ఉంగరంలా ఒక ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు కొమ్మది కాదు, మానుది. దాన్ని తాకకుండా, సరిగ్గా దాని అంచున కోయాలి. చూడ్డానికి నున్నగా ఉండాలని మానుకు సమంగా కోస్తే ఉబ్బు పోతుంది, గాయం రెండింతలవుతుంది. దూరంగా కోసి మొండి వదిలితే, ఆ మొండి ఎండి కుళ్ళి మానులోకి తొర్ర చేస్తుంది.

దీన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు అలెక్స్ షైగో. అమెరికా అటవీశాఖలో చెట్ల రోగాల పరిశోధకుడు, 2006లో పోయాడు. వేల చెట్లను మిషన్ రంపంతో నిలువునా చీల్చి లోపల కుళ్ళు ఎటు పాకిందో, ఎక్కడ ఆగిందో చూశాడు. మన చర్మం పుండును మాన్పుకున్నట్టు చెట్టు కుళ్ళిన కలపను బాగుచేసుకోలేదని, దాని చుట్టూ గోడలు కట్టి వెలివేసి, పైన కొత్త కలప వేసుకుంటుందని 1977లో వివరించాడు. ఆ ఉబ్బులోనే గట్టి గోడ కట్టే శక్తి ఉంది. దాన్ని కోసేస్తే చెట్టును నిరాయుధం చేసినట్టే. ఈ మనిషి షైగో పేరు వినలేదు. అతని రంపం మాత్రం ఆ అంచు తప్పలేదు.

తారు పూయమంటారా అని కుర్రాడు అడిగాడు. వద్దన్నాను. తారు కింద తడి నిలిచి బూజుకే మేలు. అలాంటి పూతలు కుళ్ళును ఆపవని షైగో చీల్చి చూపించాడు. వేపను అలాగే గాలికి వదిలేశాం. మామిడి సంగతి వేరు. కొనలనుంచి ఎండే తెగులు, జిగురు కారే తెగులు ఉన్న చెట్టు గనక వ్యవసాయశాఖవాళ్ళు చెప్పే బోర్డో ముద్ద పూయించాను. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, ఇదీ లెక్క. ప్లాస్టిక్ బకెట్టులో కలపాలి, ఇనుపది పనికిరాదు. ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకు పోయేముందు రంపాన్ని స్పిరిటుతో తుడిపించాను.

మామిడి మానులో ఒక రంధ్రం, కింద రంపపు పొట్టు. కాండం తొలిచే పురుగు. వంచిన తీగ లోపలికి పోనిచ్చి పురుగును లాగి, రంధ్రంలో కిరోసిన్ దూది కుక్కి మట్టితో మూశాడు. మామిడి నడుమ ఎండ పడేలా రెండు మూడు కొమ్మలు తీశాడు, అంతే. ఏ చెట్టుకైనా ఏడాదిలో పావు వంతు ఆకుకు మించి తీయకూడదు. ముసలిచెట్టుకు అంత కూడా వద్దు.

సెప్టెంబర్ 8, ఆదివారం. వేలూరు

అక్కవాళ్ళ టెంకాయచెట్లకు మనిషిని పిలిచాం. టెంకాయచెట్టుకు ఉండేది ఒకటే మొవ్వ. అది పోతే చెట్టు పోయినట్టే, కింద చిగురించే ఆశ లేదు. అలాంటి చెట్టుకు పండగ పేరు చెప్పి పచ్చమట్టలు కూడా దించి నున్నగా చేయించేవాళ్ళున్నారు. బాగున్న చెట్టుకు ముప్పై, ముప్పై అయిదు మట్టలుంటాయి. ఎండి వేలాడేవే దించాలి.

ఎక్కినతను కొబ్బరి అభివృద్ధి మండలి శిక్షణ పొందినవాడు. 2011లో మొదలైన ఆ శిక్షణలో యంత్రంతో ఎక్కడం, మొవ్వ శుభ్రం చేయడం, తెగుళ్ళు గుర్తించడం నేర్పుతారు. ఎక్కేవాళ్ళకు ప్రమాద బీమా కూడా మండలి ఏర్పాటు చేసింది. పైనుంచి చూసి చెప్పాడు, మట్టలు త్రికోణంగా కత్తిరించినట్టున్నాయట. కొమ్ముపురుగు. కొక్కెంతో పురుగును లాగి, మొవ్వ పక్క మట్టల సందుల్లో మూడు నాఫ్తలీన్ గోళీలు వేసి ఇసుకతో కప్పాడు. నలభై అయిదు రోజులకోసారి మార్చాలి. పురుగు పుట్టేది మాత్రం పెంటకుప్పలో. పక్కసందులోని కుప్పను తీయించకపోతే గోళీలు ఎన్ని వేసినా ఆగదు.

మట్టల అడుగున తెల్లని సుడులు, కింది ఆకుల మీద నల్లమసి. 2016లో పొల్లాచ్చిలో మొదట కనబడి దక్షిణమంతా పాకిన సర్పిలాకార తెల్లదోమ. బావ మందు కొట్టించేద్దామన్నాడు. ఆ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే చిన్న కందిరీగ ఒకటుంది. మందు కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే. పైపుతో నీళ్ళు బలంగా కొట్టించి, ఆముదం పూసిన పసుపు అట్టలు కట్టించాను.

అక్టోబర్ 20, ఆదివారం. గుడియాత్తం

మా వేపకూ కొనలు ఎండే రోగం వచ్చింది. కొనల్లో రెమ్మలు గోధుమరంగుకు మాడి, ఆకు రాలకుండా వేలాడుతోంది. మాఘ ఫాల్గుణాల్లో వేప ఆకు రాల్చి ఉగాదికి చిగురించడం ప్రకృతి, దానికి బెంగపడనక్కర్లేదు. వానల తర్వాత కొనలనుంచి కిందికి ఎండుకుంటూ రావడం రోగం. ఫోమాప్సిస్ అనే బూజు. 1997లో మైసూరు పరిశోధకులు దానికి కొత్త జాతిగా పేరుపెట్టారు. తేయాకు దోమ రసం పీల్చి చేసిన గాయాల వెంట, వాన చినుకుల వెంట పాకుతుంది. 2021 ప్రాంతంలో తెలంగాణ, ఆంధ్ర ఊళ్ళలో వేపలన్నీ కాలినట్టయితే జనం భయపడి నరికించేశారు. నరకకుండా ఉంచినవాటిలో చాలా చెట్లు తర్వాతి వేసవికి తిరిగి చిగురించాయి.

పలమనేరు మనిషికి ఫోను చేశాను. ఎండిన చోటుకు జానెడు కింద, పచ్చి చూసి తుంచి, రెమ్మలు కాల్చేయమన్నాడు. అందినవన్నీ తుంచాం. బూజుమందులు, పురుగుమందులు ఒకదాని తర్వాత ఒకటి కొట్టమని విశ్వవిద్యాలయాలు చెప్పాయి, చిన్నచెట్టుకు అది కుదురుతుంది. బావి పక్కన, పిల్లలాడే వాకిట్లో, మిద్దెను మించిన చెట్టుకు విషం చల్లించను. ఎరువు, నీరు, ఓపిక ఇస్తాను.

చెట్టు కోసం ఎంతదాకా పోవచ్చో పాలమూరు పిల్లలమర్రి చూపించింది. ఏడు వందల ఏళ్ళదని చెప్పే ఆ మర్రిని చెదలు తినేస్తే, 2018లో సెలైన్ సీసాల్లో మందునీళ్ళు నింపి బొట్టుబొట్టుగా మానులోకి ఎక్కించారు. బరువు కొమ్మల కింద స్తంభాలు కట్టారు. నరికి దిమ్మెలమ్ముకునే దారి కూడా ఉంది, దాని జోలికి పోలేదు.

డిసెంబర్ 3, మంగళవారం

ఫెంగల్ తుపాను శనివారం రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇక్కడ గాలి కన్నా వానే ఎక్కువ. వేప నిలిచింది. వీధి చివర కానుగ ఒకటి ఒరిగితే, కొట్టేయాలని అప్పుడే కత్తులొచ్చాయి. లేతచెట్టు, ఒకవైపు వేళ్ళు ఇంకా పట్టుకునే ఉన్నాయి. తడి ఆరకముందే నిలబెట్టి, గుంజలు నాటి, మెత్తని గుడ్డపట్టీతో కడితే బతుకుతుంది. వీధిచెట్టు మునిసిపాలిటీది, మనం కొట్టడానికి హక్కు కూడా లేదు. ఆఫీసుకు చెప్పి ఆపించాను. చెన్నై అడయారు మర్రి మూలమాను 1989 గాలివానకు పడిపోయింది. ఊడలమీద ఆ చెట్టు ఇప్పటికీ బతికే ఉంది.

రెండు రోజులుగా ఫోన్లొస్తున్నాయి, చెట్టెక్కే మనిషి నంబరు ఇమ్మని. అందరికీ ఒకటే చెబుతున్నాను. తుపాను మర్నాడు తడిమాను మీదికి ఎవరినీ ఎక్కించకండి, తడిసిన బెరడు మీద మోకు నిలవదు. తీగ తెగి పడి ఉంటే కరెంటు ఆఫీసు వాళ్ళు ఆపామని చెప్పేదాకా ఆ చుట్టుపక్కలకే పోకండి. వచ్చే ఏడు సెప్టెంబరులోనే మనిషిని పిలిచి చెట్టు చూపించండి. కూలి డబ్బుల్లో ఇవ్వండి, కట్టెల్లో ఇవ్వకండి. బీమా లేదంటే ఆ డబ్బు కూడా మీరే కట్టండి.